వార్డు వదిలిన నర్సుకు ఏయే దారులున్నాయి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ (డిప్లొమా చేసినవారు చదివే నర్సింగ్ డిగ్రీ) పూర్తిచేసి, రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నారు. వయసు 34. నడుములో డిస్క్ జారింది కనుక రోగిని పక్కకు తిప్పడం, స్ట్రెచర్ మీదికి ఎత్తడం ఇక మానుకోవాలని డాక్టరు చెప్పారు. ఐదేళ్ల పాప అమలాపురం దగ్గర అత్తగారింట్లో పెరుగుతోంది. మెడికల్ కోడింగ్ (బీమా కోసం జబ్బులకు, చికిత్సలకు సంకేతాలు వేసే పని) నేర్పుతామని కాకినాడలో ఒక శిక్షణ సంస్థ 80,000 రూపాయలు అడిగింది. వార్డు వదిలితే ఈ 11 ఏళ్లూ బూడిదలో పోసిన పన్నీరేనా, మంచం పక్కన నిలబడకుండా నర్సు చేయగల పని ఉందా అని మీరు అడుగుతున్నారు.

ఉంది. నేను 31 ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. అందులో మొదటి 12 ఏళ్లే మంచం పక్కన గడిచాయి, తరువాతి 11 ఏళ్లు ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో (ఆసుపత్రిలో రోగులకు, సిబ్బందికి కొత్త ఇన్ఫెక్షన్లు సోకకుండా చూసే పనిలో), ఆపైన 8 ఏళ్లు నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పడంలో గడిచాయి. అందువల్ల నేను నడిచిన దారుల గురించి వివరంగా, నా స్నేహితురాళ్లు, విద్యార్థినులు నడిచిన దారుల గురించి కొంత తక్కువగా చెబుతాను.

ముందుగా మీరు వెంట తీసుకువెళ్లేది ఏమిటో తేల్చుకోవాలి. చాలామంది నర్సులు తమ నైపుణ్యం అంటే క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే చిన్న గొట్టం) పెట్టడం, వెంటిలేటర్ సెట్టింగులు తెలియడం అనుకుంటారు. వార్డు బయట వాటితో పని లేదు కనుక చేతులు ఖాళీ అయిపోయినట్టు దిగులుపడతారు. కానీ ఉదయం హ్యాండోవర్ సమయంలో మీరు ఏం చేస్తారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. యూరిన్ బ్యాగులో రంగు, మానిటర్ మీది అంకె, రోగి ఛాతీ కదిలే తీరు, సెలైన్ బాటిల్‌లో మిగిలిన నీరు, ఇవన్నీ రెండు నిమిషాల్లో మీ కంట్లో పడతాయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో మీకు తెలిసిపోతుంది, దాన్ని టైము వేసి కేస్ షీట్‌లో రాస్తారు. ఆ చూపు, ఆ రాత ఏ శిక్షణ సంస్థలోనూ మూడు నెలల్లో రావు. వాటికి విలువ ఇచ్చే పనిలో చేరితే మీరు అనుభవజ్ఞురాలిగా చేరతారు. వాటితో అవసరం లేని పనిలో చేరితే 34 ఏళ్ల వయసులో 22 ఏళ్ల అమ్మాయిల పక్కన కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తుంది. కింద చెప్పే దారులన్నిటినీ నేను ఈ కొలతతోనే కొలిచాను.

నేను వార్డు ఎలా వదిలానో చెబితే ఈ మాట ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. అప్పట్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో చేసేదాన్ని. వరుసగా మూడో నైటు, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఒక రోగికి ఇంజెక్షన్ ఇచ్చి, వాడిన సూదిని పారవేయడానికి వెళ్తుండగా అది నా వేలికి గుచ్చుకుంది. రోగి రక్తం గురించి వివరాలు తెలియవు కనుక ముందుజాగ్రత్తగా 28 రోజుల పాటు మందులు వాడవలసి వచ్చింది. ఆ మందులతో వచ్చే వికారం కంటే, "జాగ్రత్తగా ఉండాలి కదమ్మా" అన్న ఒక్క మాటతో యాజమాన్యం చేతులు దులుపుకోవడం నన్ను ఎక్కువగా బాధించింది. తిరిగి డ్యూటీలో చేరిన రోజున నేను చేసిన మొదటి పని అడుగులు లెక్కపెట్టడం. పన్నెండు మంచాల వార్డుకు సూదుల డబ్బా ఒక్కటే ఉండేది. అది నర్సింగ్ స్టేషన్ పక్కన ఉండేది. చివరి మంచం నుంచి అక్కడికి 26 అడుగులు. అంటే ప్రతి ఇంజెక్షన్ తరువాతా మేము వాడిన సూదిని పట్టుకుని, పక్కన తిరిగే బంధువుల మధ్య నుంచి అంత దూరం నడుస్తున్నామన్నమాట. అంత దూరం విప్పిన సూదితో నడవడానికి భయపడి చాలామంది మూత తిరిగి పెట్టేవారు, ఆ మూత పెట్టేటప్పుడే ఎక్కువ గుచ్చుకునేవి.

ఒక నోటుబుక్ తీసుకుని రెండు నెలల పాటు రాశాను. ఎవరికి, ఏ గంటకు, ఏ మంచం దగ్గర, మూత పెట్టేటప్పుడా నడిచేటప్పుడా, డబ్బా ఎంతవరకు నిండి ఉంది. డబ్బా ముప్పాతిక వంతు నిండగానే మార్చాలి, మా దగ్గర పొంగిపొర్లే వరకు ఉంచేవారు. ఆ కాగితాలు పట్టుకుని మెడికల్ సూపరింటెండెంట్ గారి దగ్గరకు వెళ్లాను. ఫిర్యాదు చేయలేదు, లెక్క చూపించాను. వారం తిరగకుండా ప్రతి నాలుగు మంచాలకు ఒక డబ్బా వచ్చింది. ఆ తరువాత కొంతకాలానికి ఆసుపత్రి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగితే, మొత్తం ఆసుపత్రిలో నా నోటుబుక్ ఒక్కటే కనిపించింది. ఆ నోటుబుక్కే నన్ను ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును చేసింది.

మీకు మొదట సూచించేది ఈ దారినే. ఇందులో బరువులు ఎత్తే పని లేదు, ఎక్కువ భాగం పగటి డ్యూటీ, మీ ఐసీయూ అనుభవం నేరుగా పనికొస్తుంది. ఈ ఉద్యోగంలో ఏం చేస్తారో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చాలామంది నర్సులకు ఇలాంటి పోస్టు ఉందనే తెలియదు. రోజూ వార్డులు తిరిగి సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసే గొట్టం), యూరిన్ క్యాథెటర్ (మూత్రం గొట్టం), వెంటిలేటర్ ఉన్న రోగుల లెక్క తీసుకుంటారు. ఒక నెలలో ఐసీయూలో క్యాథెటర్ ఉన్న రోజులన్నీ కలిపి 600 అయితే, అందులో మూడు యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తే, వెయ్యి క్యాథెటర్ రోజులకు ఐదు అని రాస్తారు. వచ్చే నెల అది ఏడుకు పెరిగితే ఎందుకు పెరిగిందో వెతకాలి. కొత్తగా చేరినవారు బ్యాగును నేల మీద పెడుతున్నారా, అవసరం తీరిన క్యాథెటర్‌ను తీయడానికి డాక్టరు రౌండు కోసం రెండు రోజులు ఆగుతున్నారా, రాత్రి షిఫ్టులో హ్యాండ్ రబ్ సీసాలు ఖాళీగా ఉంటున్నాయా. ఇవన్నీ కుర్చీలో కూర్చుని కనిపెట్టలేరు. మంచం పక్కన ఏళ్ల తరబడి నిలబడిన మనిషికే తెలుస్తాయి.

దీనితోపాటు బయోమెడికల్ వ్యర్థాల పర్యవేక్షణ కూడా సాధారణంగా ఈ నర్సు మీదే ఉంటుంది. 2016 నిబంధనల ప్రకారం రక్తంతో తడిసిన దూది, కట్లు పసుపు సంచిలో, సెలైన్ సెట్లు, క్యాథెటర్ల వంటి ప్లాస్టిక్ ఎరుపు సంచిలో, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్లటి డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేయాలనీ, శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచకూడదనీ మీకు తెలుసు. తెలిసిన ఈ విషయాన్ని ఆయమ్మలకు, వార్డు బాయ్‌లకు వారి మాటల్లో నేర్పించి, వారం తరువాత మళ్లీ వెళ్లి సంచి విప్పి చూడటమే ఉద్యోగం. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న లేదా దానికి సిద్ధమవుతున్న ప్రతి ఆసుపత్రికీ ఇటువంటి నర్సు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా 2013 నుంచి ఎన్‌క్యూఏఎస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలు, 2015 నుంచి పరిశుభ్రతకు ఇచ్చే కాయకల్ప్ పురస్కారాలు ఉన్నాయి కనుక ఇదే పని అక్కడ క్వాలిటీ విభాగం పేరుతో జరుగుతుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరు పట్టణాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో ముందు ఈ పోస్టు ఉందో లేదో అడగండి. అంతకంటే ముందు మీ సొంత ఆసుపత్రిలోనే అడగండి. నడుము నొప్పి గురించి డాక్టరు రాసిచ్చిన కాగితం పెట్టి, పని మార్చమని రాతపూర్వకంగా కోరండి. 11 ఏళ్ల మనిషిని వదులుకోవడం కంటే పని మార్చడం వారికీ లాభమే. జీతం మొదట్లో స్టాఫ్ నర్సు జీతానికి మించి పెద్దగా ఉండదు, నైట్ అలవెన్సు పోతుంది కనుక చేతికి వచ్చేది కొంత తగ్గవచ్చు కూడా. క్వాలిటీ మేనేజరు స్థాయికి చేరాకనే తేడా కనిపిస్తుంది.

రెండో దారి మీ పాపకు దగ్గరగా ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ కింద 2018లో ఉప కేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలైనప్పుడు, ఒక్కొక్క కేంద్రానికి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు పోస్టు వచ్చింది. మన రాష్ట్రంలో ఈ ఆఫీసరును ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అని పిలుస్తారు. మైదాన ప్రాంతంలో దాదాపు 5,000 జనాభాకు ఒక కేంద్రం ఉంటుంది. 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు చేయడం, మందులు క్రమంగా వాడుతున్నారో లేదో చూడటం, అవసరమైతే ఈ-సంజీవని (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) ద్వారా డాక్టరుతో మాట్లాడించడం ఈ పోస్టులో ముఖ్యమైన పనులు.

మా విద్యార్థినులను కమ్యూనిటీ పోస్టింగుకు తీసుకువెళ్లినప్పుడు ఒక లంక గ్రామంలో ఇలాంటి ఆఫీసరుగా పనిచేస్తున్న అమ్మాయిని చూశాను. పంటు దిగి ఏటిగట్టు మీద నడిచి వెళ్లేసరికి తొమ్మిదిన్నర అయింది, అప్పటికే వరండాలో పదిమంది కూర్చున్నారు. వారిలో కొబ్బరి దింపు తీసే 52 ఏళ్ల మనిషి ఒకడు. బీపీ 180కి 110 వచ్చింది. ఆ అమ్మాయి కంగారుపడలేదు. అతన్ని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండో చేతికి కూడా చూసింది. తల తిరుగుతోందా, ఛాతీలో నొప్పి ఉందా, మాట తడబడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. తరువాత "బిళ్ల రోజూ వేసుకుంటున్నావా బాబాయ్?" అంది. "తలనొప్పి వచ్చిన రోజున వేసుకుంటానమ్మా" అన్నాడు. చెట్టెక్కే మనిషికి తల తిరిగితే ఏమవుతుందో ఆమె అతనికి చెప్పిన తీరు నేను మరిచిపోలేను. భయపెట్టలేదు. "పొద్దున్నే టీ తాగే ముందు బిళ్ల, తరువాతే మోకు భుజాన వేసుకోవాలి" అంది. డాక్టరుతో వీడియోలో మాట్లాడించి, బీపీ అదుపులోకి వచ్చిందని తాను చెప్పేవరకు చెట్టెక్కవద్దని అతని భార్యకు కూడా చెప్పి, కార్డులో తేదీ వేసింది. ఆ అమ్మాయి అంతకుముందు నాలుగేళ్లు క్యాజువాలిటీలో చేసిందట. ఎవరిని వెంటనే పంపాలో, ఎవరికి ఇక్కడే సరిపోతుందో తేల్చుకునే ఆ నిదానం అక్కడి నుంచి వచ్చినదే.

ఈ దారిలో ఇబ్బందులు కూడా చెప్పాలి. ఇది కాంట్రాక్టు పోస్టు. కేంద్ర మార్గదర్శకాల్లో నెల జీతానికి తోడు పనితీరును బట్టి ప్రోత్సాహకం ఉంటుంది కానీ అది ఆలస్యంగా రావచ్చు. ఆన్‌లైన్ ఎంట్రీలు చాలా ఎక్కువ, కొన్ని రోజుల్లో రోగులను చూసిన సమయం కంటే ఫోనులో వివరాలు ఎక్కించిన సమయమే ఎక్కువ అవుతుంది. వరదల కాలంలో లంకల్లోని కేంద్రానికి వెళ్లడం కష్టం, వెళ్లకుండా ఉండటం ఇంకా కష్టం. అర్హత విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ అనే ఆరు నెలల కోర్సు ఇప్పటి బీఎస్సీ సిలబస్‌లోనే కలిసిపోయింది, మీరు చదివిన కాలంలో అలా లేదు. కనుక నోటిఫికేషన్ వచ్చినప్పుడు పోస్ట్ బేసిక్ వారిని అనుమతిస్తున్నారా, ఆ సర్టిఫికెట్ ముందే ఉండాలా, ఎంపికయ్యాక శిక్షణ ఇస్తారా, వయోపరిమితి ఎంత అన్న నాలుగు అంశాలను అక్షరం అక్షరం చదవండి. 34 ఏళ్ల వయసులో మీరు ఈ విషయాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయకూడదు.

మూడోది బోధన. మీ అర్హతతో, కనీసం ఏడాది అనుభవంతో ట్యూటరుగా చేరవచ్చు. అంతకు పైన అసిస్టెంట్ ప్రొఫెసరు కావాలంటే రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్, ఆ తరువాత బోధనానుభవం కావాలి. రాజానగరం, అమలాపురం, కాకినాడ, ఏలూరు చుట్టుపక్కల నర్సింగ్ కళాశాలలు చాలానే ఉన్నాయి కనుక అవకాశాలకు కొరత లేదు. జీతాల విషయంలో మాత్రం కొన్ని కళాశాలలు ట్యూటర్లకు స్టాఫ్ నర్సు కంటే తక్కువ ఇస్తున్నాయని నాకు స్వయంగా తెలుసు. కాగితం మీద ఒక జీతం, చేతిలో మరొక జీతం చూపించే చోట చేరవద్దు. తనిఖీ సమయంలో మాత్రమే హాజరై సంతకం పెడితే చాలునని చెప్పే చోటికి అసలే వెళ్లవద్దు, అది మీ రిజిస్ట్రేషనుకే ముప్పు.

అయినా ఈ పనిలో ఉన్న తృప్తిని తక్కువ చేసి చెప్పలేను. ట్యూటరు అంటే తరగతి గదిలో నోట్సు చెప్పడం కాదు, వార్డులో విద్యార్థిని పక్కన నిలబడటం. మొదటిసారి రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) వేస్తున్న అమ్మాయి చేయి వణుకుతున్నప్పుడు, ఆ చేతిని పక్కకు నెట్టి మీరే వేసేయకుండా, ఆమె చేత వేయించగలరా అన్నదే ప్రశ్న. ఐసీయూలో కొత్తగా చేరిన అమ్మాయిలు సందేహం వస్తే మీ దగ్గరకే వచ్చేవారా, లేక మీరు బిజీగా ఉన్నారని పక్కకు తప్పుకునేవారా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మీరు బోధనకు సరిపోతారో లేదో మీకే తెలుస్తుంది.

ఇక మీరు అడిగిన మెడికల్ కోడింగ్. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఈ పని విషయంలో నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది, అలాగని ఇది మోసం కూడా కాదు. అమెరికాలో ఇన్సూరెన్సు సొమ్ము రావాలంటే ప్రతి జబ్బుకూ, ప్రతి చికిత్సకూ ఒక సంకేతం వేయాలి. వారు 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10 సంకేతాలు వాడుతున్నారు. అక్కడి డాక్టరు రాసిన నోట్సు చదివి ఇక్కడ కూర్చుని ఆ సంకేతాలు వేయడమే కోడరు పని. ఉదాహరణకు చిక్కులేమీ లేని టైప్ 2 మధుమేహానికి ఇ11.9 వేస్తారు. అదే రోగికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కూడా ఉందని నోట్సులో ఉంటే, ఆ జబ్బుకు కారణం వేరే ఉందని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఇ11.22 వేసి, దానితోపాటు కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో తెలిపే సంకేతం కూడా జతచేయాలి. నోట్సులో మూడో పేజీలో ఉన్న క్రియాటినిన్ చూసి ఇక్కడ ఏదో ఉందని నర్సుకు వెంటనే స్ఫురిస్తుంది. కానీ డాక్టరు రాయని జబ్బుకు కోడరు తనంతట తాను సంకేతం వేయకూడదు, డాక్టరును అడిగించాలి. తెలిసినదాన్ని కూడా రాతలో లేకపోతే వదిలేయాల్సిన ఈ నియమానికి అలవాటు పడటమే మనవాళ్లకు కష్టం.

ఈ పనిలో రాత్రి డ్యూటీలు తక్కువ, రోగుల బరువు లేదు, అనుభవం వచ్చాక కొన్ని సంస్థలు ఇంటి నుంచి పనిచేయనిస్తాయి. అయితే రోజంతా తెర ముందు కూర్చోవాలి, గంటకు ఇన్ని చార్టులన్న లెక్క ఉంటుంది, తప్పుల శాతం నెలనెలా చూస్తారు. డిస్క్ జారిన నడుముకు ఎనిమిది గంటలు కదలకుండా కూర్చోవడం నిలబడటమంత చెడ్డదేనని మీ డాక్టరును అడిగితే చెబుతారు. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాదు, చెన్నై నగరాల్లో ఉన్నాయి కనుక మొదటి రెండు మూడేళ్లు పాపకు ఇంకా దూరమవుతారు. సులువైన చార్టులను ఇప్పుడు సాఫ్ట్‌వేరే కోడ్ చేస్తోంది కనుక కొత్తవారికి మొదటి మెట్టు మునుపటికంటే ఎత్తుగా ఉంది. కోడర్ల అర్హత పరీక్ష అయిన సీపీసీలో 100 ప్రశ్నలు, నాలుగు గంటల సమయం, 70 శాతం వస్తే ఉత్తీర్ణత. దానికి మీకు ఉన్న అనాటమీ పునాదితో సగం దూరం ఇప్పటికే నడిచారు. ఆ 80,000 మాత్రం ఇప్పుడే కట్టవద్దు. ఉద్యోగం గ్యారంటీ అని నోటిమాటగా చెప్పేవారిని అదే మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. గత ఏడాది వారి దగ్గర చదివిన ముగ్గురు నర్సులతో, వారు ఎంపిక చేసిన ముగ్గురితో కాకుండా మీరు వెతికి పట్టుకున్న ముగ్గురితో, మాట్లాడండి. ఈలోగా పాత సంవత్సరపు కోడు పుస్తకం ఒకటి సంపాదించి నెల రోజులు రోజూ గంటసేపు చదవండి. ఆ చదువు మీకు విసుగు పుట్టిస్తే ఆ డబ్బు మిగిలినట్టే.

ఇన్సూరెన్సు క్లెయిముల పరిశీలన దీనికి దగ్గరి పనే, కాకపోతే మన దేశపు కేసులు. ఆసుపత్రి తరఫున ఎన్టీఆర్ వైద్య సేవ, ప్రైవేటు బీమా అనుమతుల డెస్కులో కూర్చోవచ్చు, బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే టీపీఏలోనూ చేరవచ్చు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్‌లో కూడా నర్సులను తీసుకుంటారు. మన దేశంలో దీనికి 2010 నుంచి ప్రత్యేక జాతీయ కార్యక్రమం ఉంది, కానీ కంపెనీ ఉద్యోగాలు హైదరాబాదులోనే ఎక్కువ, ఫార్మసీ చదివినవారితో పోటీ ఉంటుంది. క్లినికల్ ట్రయల్స్‌లో కోఆర్డినేటరు పని మీ స్వభావానికి నప్పవచ్చు. రోగికి అంగీకార పత్రం అర్థమయ్యేలా చెప్పడం, ప్రతి విజిట్‌ను తేదీ తప్పకుండా నమోదు చేయడం అందులో ప్రధానం. మన ప్రాంతంలో మాత్రం ఈ మూడింటిలో క్లెయిముల డెస్కు ఒక్కటే విరివిగా దొరుకుతుంది.

ఫ్యాక్టరీ నర్సు పని గురించి ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతాను. 500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వైద్య సిబ్బందితో అంబులెన్స్ గది ఉండాలన్న నియమం 1948 ఫ్యాక్టరీల చట్టంతోనే వచ్చింది. రాజమహేంద్రవరం కాగితపు మిల్లు, కాకినాడ ఎరువుల కర్మాగారం, భీమవరం చుట్టూ ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఇవన్నీ మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవారు ఎక్కువమంది ఆడవాళ్లు. గంటల తరబడి మంచు నీళ్లలో చేతులు పెట్టి, నిలబడి పనిచేస్తారు. గోళ్ల పక్కన చీము, చర్మం పగుళ్లు, నడుము నొప్పి, నెలసరి ఇబ్బందులు మగ సూపర్‌వైజరుకు చెప్పుకోలేరు. శీతలీకరణకు అమ్మోనియా వాడతారు కనుక లీకైనప్పుడు కళ్లు ఎలా కడగాలో, ఎవరిని ముందు బయటకు పంపాలో తెలిసిన మనిషి అక్కడ ఉండి తీరాలి. ఒక నర్సు ఉండి, ఎవరికి ఏ విభాగంలో ఏ బాధ వస్తోందో ఆరు నెలలు రాసిపెట్టగలిగితే, గ్లవ్స్ మార్చడం నుంచి నిలబడే చోట చెక్క పలక వేయించడం వరకు ఎన్నో పనులు చేయించవచ్చు. ఇలాంటి పోస్టులు పత్రికల్లో రావు, హెచ్‌ఆర్ విభాగానికి నేరుగా వెళ్లి అడగాలి.

ఇంటి దగ్గర వృద్ధుల సంరక్షణ గురించి కూడా ఆలోచించవచ్చు. కోనసీమలో, పశ్చిమ గోదావరి పల్లెల్లో పెద్ద పెద్ద మండువా ఇళ్లల్లో తల్లిదండ్రులు ఇద్దరే ఉంటున్నారు, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నారు. వారికి కావలసింది రోగిని ఎత్తే మనిషి మాత్రమే కాదు. ఆ ఎత్తే అమ్మాయికి రెండు గంటలకోసారి ఎలా పక్కకు తిప్పాలో నేర్పి, వారానికి రెండుసార్లు వచ్చి పుండ్లు, షుగరు, మందుల డబ్బా చూసి, పిల్లలకు రాతలో సమాచారం పంపే మనిషి కావాలి. ఆ రెండో పాత్ర మీది. నలుగురు సహాయకులకు శిక్షణ ఇచ్చి, పది ఇళ్లు చూసుకుంటే అది ఒక చిన్న సంస్థ అవుతుంది. కానీ ఒక గీత దాటకూడదు. డాక్టరు చీటీ లేకుండా మందు రాయడం, జ్వరమని ఇంటికి పిలిచి సెలైన్ పెట్టమంటే పెట్టడం మీరు చేయకూడదు. ఊళ్లో మంచి పేరు వచ్చిన కొద్దీ ఈ ఒత్తిడి పెరుగుతుంది, "మీకు తెలియనిదేముందమ్మా" అంటూ బతిమాలతారు. నాకు తెలిసిన ఒకామె ఇలా మొహమాటానికి ఇంజెక్షన్ ఇచ్చి, అది వికటించి, చాలా కష్టాలు పడింది.

మీ పరిస్థితికి నేను పెట్టే వరుస ఇది. మొదట మీ ఆసుపత్రిలోనే ఇన్ఫెక్షన్ కంట్రోల్ లేదా క్వాలిటీకి మార్పు కోసం రాతపూర్వక విన్నపం, దానితోపాటు ఎంఎల్‌హెచ్‌పీ నోటిఫికేషన్ మీద కన్ను. అవి రెండూ కుదరకపోతే అమలాపురం పరిసరాల్లో ట్యూటరు పోస్టు, చదవగలిగితే ఎమ్మెస్సీ. కోడింగ్ ఆ తరువాత. ఇంటివాళ్లు "ఏదో ఒక గుమాస్తా పని చూసుకో" అంటున్నారని రాశారు. ఆ మాట వారు మీ నడుము మీద జాలితో అంటున్నారు, తప్పు పట్టవద్దు. కానీ నర్సింగ్ రిజిస్ట్రేషన్ అవసరం లేని ఏ ఉద్యోగంలో చేరినా ఆ రిజిస్ట్రేషన్‌ను మాత్రం చావనివ్వవద్దు. ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి కావలసిన సీఎన్ఈ (నర్సుల నిరంతర విద్య) గంటలు వార్డులో లేకపోయినా పూర్తిచేయండి. తిరిగి రావాలనిపించిన రోజున తలుపు తీసి ఉంచేది అదే.

రాజీనామా ఇచ్చే ముందు అనుభవ ధ్రువపత్రం నమూనా మీరే రాసి ఇవ్వండి. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో ఇచ్చే కాగితం వార్డు బయట ఎందుకూ పనికిరాదు. ఐసీయూలో ఎన్ని పడకలు, అందులో వెంటిలేటర్లు ఎన్ని, మీరు షిఫ్ట్ ఇంచార్జిగా ఎన్నేళ్లు ఉన్నారు, కొత్తవారికి శిక్షణ ఇచ్చారా, ఏ ఏ ఆడిట్లలో పాల్గొన్నారు అన్నవి అందులో ఉండాలి. చేరినప్పుడు మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రిలో పెట్టించుకుని ఉంటే, రాజీనామా మాట ఎత్తకముందే, ఎమ్మెస్సీ దరఖాస్తు కోసమని రాసిచ్చి వాటిని చేతికి తెచ్చుకోండి. రేపటి డ్యూటీ నుంచే ఒక నోటుబుక్ పెట్టి, మీ ఐసీయూలో ప్రతి సెంట్రల్ లైన్ ఏ రోజు వేశారు, ఏ రోజు తీశారు, ఎందుకు తీశారు అన్న మూడు గడులు గీసుకుని, రోగి పేరు లేకుండా మంచం నంబరుతో రాయడం మొదలుపెట్టండి. మూడు నెలలు పూర్తయ్యాక వివరాలు నాకు రాయండి. ఆ అంకెలతో విన్నపం ఎలా తయారు చేయాలో నేను చూసి చెబుతాను.